ఖాళీ అన్న మాటా మాదే

అనంతపురం పెరుగుతోంది అంటున్నారు. నిజమే, పెరుగుతోంది. మాకూ కళ్లున్నాయి. సుభాష్ రోడ్డులో అద్దాల షోరూములొచ్చాయి. సాయినగర్ నిండా ఆస్పత్రులొచ్చాయి. గడియార స్తంభం దగ్గర రైలు పట్టాల మీది వంతెన వెడల్పయింది. జాతీయ రహదారి పక్కన ఒకప్పుడు వేరుశనగ వేసిన చేలల్లో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు మొలిచాయి. 2011 జనాభా లెక్కల్లోనే ఊరు 2 లక్షల 61 వేలు. ఈ వార్తలన్నీ రాసే పేపరాఫీసుల్లో మేమూ ఉన్నాం. చదివే బజారులోనూ మేమే ఉన్నాం.

అభివృద్ధికి మేం అడ్డం కాదు. ఆ మాట ముందు చెప్పకపోతే తర్వాత మేం చెప్పేదేదీ వినరు కాబట్టి ముందే చెప్తున్నాం. మా పిల్లలకూ ఆస్పత్రి కావాలి. మా ఆటోలకూ గుంటల్లేని రోడ్డు కావాలి. మేమడిగేది ఒకటే. ఈ పెరుగుదలని లెక్కగట్టేటప్పుడు మమ్మల్ని ఏ పద్దులో రాశారు? జమలోనా, ఖర్చులోనా? అసలు రాయనే లేదా?

మేమంటే ఎవరం? పగలంతా తెలుగు రాసి, ఇంటికెళ్లి ఉర్దూలో అన్నం అడిగేవాళ్లం. మా ఉర్దూ వింటే హైదరాబాద్ వాళ్లు నవ్వుతారు. మా తెలుగు వింటే కోస్తా వాళ్లు "అరె, మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అని ఆశ్చర్యపోతారు. మేం ఎక్కణ్ణుంచి దిగామనుకుంటారో! మేం చదివింది అనంతపురం ఆర్ట్స్ కాలేజీలోనే. 1916లో దత్తమండల కళాశాలగా మొదలైన కాలేజీ అది. ఈ నేలని 1800లో నిజాం ఇంగ్లీషోళ్లకి అప్పజెప్పాడు కాబట్టి దత్తమండలాలన్నారు. ఇచ్చినోడూ మమ్మల్నడగలేదు, పుచ్చుకున్నోడూ మమ్మల్నడగలేదు. ఆ పేరు మనకొద్దని 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్నారు. సీమ పేరు మారింది. మమ్మల్ని మాత్రం ఇంకా ఎవరో దత్తు తెచ్చుకున్న బిడ్డల్నే చూసినట్టు చూస్తారు.

ఒక తెలుగు మాట మమ్మల్ని బడి నుంచి బజారు దాకా వెంటాడుతోంది. ఆక్రమణదారులు. చరిత్ర పాఠంలో ఆక్రమణదారులంటే గుర్రాల మీద వచ్చినవాళ్లు. ఆ పాఠం చెప్పేటప్పుడు క్లాసంతా మా బెంచీ వైపు తిరిగి చూసేది. ఇప్పుడు ఆఫీసు ప్రకటనల్లో ఆక్రమణదారులంటే రోడ్డు పక్కన పండ్ల బండి పెట్టినవాళ్లు, పంచర్లు వేసేవాళ్లు, తాళాలు బాగుచేసేవాళ్లు. ఈసారి ఎవరూ తిరిగి చూడరు. జేసీబీ ఒక్కటే మా వైపు తిరుగుతుంది. వెయ్యేళ్ల దూరంలో ఉన్న రెండు నేరాలకి తెలుగులో ఒకటే పేరెట్లా వచ్చింది? గుర్రమెక్కినోడూ, నాలుగు చక్రాల తోపుడుబండి నెట్టేటోడూ ఒకటే ఎట్లయినారు?

ఊరి సంగతే తీసుకోండి. ఈ ఊరు ఎవరిదీ ఒక్కరిది కాదు. 14వ శతాబ్దంలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో పండమేరు నీళ్లు పట్టి చెరువు కట్టించారు. ఆ చెరువుకి ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం. ఆ అనంతసాగరమే అనంతపురం. తర్వాత హండె పాలెగాళ్లు ఏలారు. హైదరాలీ వచ్చాడు, టిప్పు వచ్చాడు. 1800 తర్వాత మన్రో దొర కచేరీ పెట్టాడు. 1869లో మున్సిపాలిటీ అయింది. 1882లో బళ్లారి నుంచి విడదీసి జిల్లా చేశారు. గడియార స్తంభం 8 పలకలనీ, 15 అడుగుల వెడల్పనీ, 47 అడుగుల ఎత్తనీ, అది 1947 ఆగస్టు 15కి గుర్తనీ పెద్దలు చెప్పుకుంటారు. ఈ ఊళ్లో మాలో సైన్యాల వెంట వచ్చినోళ్లున్నారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే దూది ఏకి, ఇక్కడే కల్మా చదివినోళ్లున్నారు. అంతా కలిసి ఆ చెరువు నీళ్లే తాగాం. ఎవరు ముందొచ్చారని అడిగితే, చెరువు కట్టకి మట్టి మోసినోళ్లు ముందొచ్చారు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఇక మా బజారు సంగతి. పాతూరు, గాంధీ బజార్, తిలక్ రోడ్డు, గుల్జార్‌పేట. ఈ బజార్ని పెంచింది వ్యాపారం ఒక్కటే కాదు, కరువు కూడా. మా సీమలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ కురుస్తుంది. జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన మాదేనని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ వాన కూడా వేరుశనగ ఊడలు దిగేటప్పుడు మొహం చాటేస్తుంది. కాయ పండిన ఏడు రైతు కొత్తది కొంటాడు. పండని ఏడు పాతది బాగుచేయించుకుంటాడు. పండని ఏళ్లే ఎక్కువ. కాబట్టి అనంతపురం బజారు అమ్మే బజారు కంటే ముందు బాగుచేసే బజారు. కాలిపోయిన బోరు మోటారుకి వైండింగు చుట్టేది ఇక్కడ. రాగి, ఇత్తడి పాత్రలకి కలాయి పూసేది ఇక్కడ. సైకిలుకి పోటు వేసేది, పరుపులో దూది మళ్లీ ఏకి నింపేది, చిరిగిన సంచీ కుట్టేది, పోయిన తాళంచెవికి మారుచెవి చేసేది, విరిగిన నాగలికి వెల్డింగు పెట్టేది ఇక్కడ. ఈ పనుల్లో ఎక్కువ చేతులు మావి. మాకు భూముల్లేవు. ఉన్నా నీళ్లు లేవు. ఉద్యోగాల్లేవు. చేతిలో పనిముట్టుంది. కరువు సీమని బాగుచేసే పని మాకు దొరికింది.

రైతు డబ్బు ఇప్పుడివ్వలేనంటే పుస్తకంలో రాసుకునేవాళ్లం. "కాయ అమ్మినాక ఇస్తాలే సాయిబూ" అంటే "సరేలే రెడ్డీ, యాడికి పోతావు" అనేవాళ్లం. నార్పల పక్కన గూగూడులో మొహర్రం పీర్ల పండుగకి లక్షల మంది పోతారు. వాళ్లలో ఎక్కువ మంది హిందువులే. ఏటా పేపర్లలో దాన్ని మతసామరస్యమని ఫొటోతో వేస్తారు. మంచిదే, మేమూ వేశాం. కానీ బాకీల పుస్తకంలో ఉన్న సామరస్యానికి ఎవరూ ఫొటో తీయరు. వానలు పోయిన ఏడు ఒక సాయిబు ఒక రెడ్డిని నమ్మి మోటారు బాగుచేసి పంపడం కంటే పెద్ద సామరస్యం ఏముంటుంది?

మా ఆడవాళ్లకి ఆ బజారు ఇంకో రకంగా కూడా ముఖ్యం. అమ్మీలు, ఖాలాలు, ఆపాలు మగతోడు లేకుండా పోగలిగిన చోటు అదొక్కటే. గాజులకని, జాకెట్టు గుడ్డకని పోయేవాళ్లు. దుకాణం వాళ్లు తెలిసినవాళ్లు, బేరమాడే భాష తెలిసింది. బురఖా చూసి ఎవరూ ఎగాదిగా చూసేవాళ్లు కాదు. దర్జీ దుకాణాల నుంచి కాజాలు, హెమ్మింగ్ పని ఇంటికి తెచ్చుకునేవాళ్లు. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క చూడండి. దేశంలో పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నారు. అందరు స్త్రీలనీ కలిపి చూస్తే అది 51 శాతమే. బజారులో ఒక దుకాణం మూతపడితే గల్లీలో నాలుగు ఇళ్లల్లో సూది ఆగిపోతుంది. ఆ నాలుగిళ్లు ఏ నష్టపరిహారం జాబితాలోనూ ఉండవు.

ఇప్పుడు రోడ్డు వెడల్పు ఎట్లా జరుగుతుందో చెప్తాం. పాత బజారులో ఒక్కో దుకాణానికీ ముగ్గురు మనుషులుంటారు. ఒకాయన గోడల యజమాని. ఒకాయన లోపల కిరాయికి ఉండేవాడు. ఒకాయన ముందు అరుగు మీదో, అరుగు కిందో కూర్చునేవాడు. రోడ్డు వెడల్పు చేస్తే యజమానికి నష్టపరిహారమో, టీడీఆర్ బాండో వస్తుంది. మిగిలిన ముక్క మీద మూడంతస్తులు లేపుకుంటే పోయినదానికంటే ఎక్కువ కిరాయి వస్తుంది. లోపలున్నాయనకి గడువొస్తుంది. కొత్త గది కట్టాక మళ్లీ కావాలంటే అడ్వాన్సు ఆయన అందుకోలేనంత ఉంటుంది. అరుగు మీదున్నాయనకి గడువు కూడా రాదు. మేం ఎక్కువమందిమి రెండో మనిషి దగ్గరా, మూడో మనిషి దగ్గరా ఉంటాం. మేమొక్కళ్లమే కాదు. చెప్పులు కుట్టే మాదిగన్నా అక్కడే ఉంటాడు, పూలమ్మే అక్కా అక్కడే ఉంటుంది. అందుకే దీన్ని తురకల గోడు అని పక్కన పెట్టేయకండి.

2014కీ 2019కీ మధ్య గాంధీ బజార్, తిలక్ రోడ్ల విస్తరణ మీద ఊళ్లో పెద్ద రగడే నడిచింది. ఎంపీ ఒకవైపు, ఎమ్మెల్యే ఒకవైపు. ఇద్దరిదీ ఒకే పార్టీ. ఒకరు వెడల్పు చేయాలన్నారు, ఒకరు వద్దన్నారు. పేపర్ల నిండా వాళ్ల మాటలే. రెండు వైపులా వినబడిన గొంతులు నాయకులవీ, యజమానులవీ. కిరాయిదారు ఏమన్నాడు? అరుగు మీదాయన ఏమన్నాడు? వాళ్ల గొంతుకి కాలమ్‌లో అంగుళం చోటు దొరకలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాం. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు. ఈ సీమలోనే ఒక ఊళ్లో మా చిచ్చా తాళాల దుకాణం ఉండేది. 30 ఏళ్లకి పైగా ఒకే గది, ఒకే యజమాని. నోటీసు యజమానికి వచ్చింది. చిచ్చాకి తెలిసింది ఎట్లాగంటే, ఒకరోజు పొద్దున దుకాణం తీయబోతే గోడ మీద ఎర్ర రంగు గీత ఉంది. గీతకి రోడ్డు వైపున్న భాగంలో చిచ్చా కూర్చునే పీట ఉంది. "రుజువేముంది నువ్వు కిరాయిదారువని?" అని ఆఫీసులో అడిగారు. చిచ్చా తన కిరాయి పుస్తకం తీసుకెళ్లాడు. 30 ఏళ్ల లెక్క. నెల పేరు ఉర్దూలో, అంకెలు ఉర్దూలో, పక్కన యజమాని తెలుగు సంతకం. అక్కడి మనిషి పుస్తకం తిప్పి తిప్పి చూసి, "ఏం రాత ఇది? మనకి చెల్లదు" అన్నాడు. యజమాని శెట్టి గారు మంచోడే. "మా సాయిబు అప్పా, నేను పుట్టి మీసాలు రాకముందు నుంచి ఉండాడు" అని చెప్పాడు. అది మీరూ మీరూ చూసుకోండి అన్నారు. చూసుకోవడానికి ఏముంది? గోడ పోయింది. చిచ్చా ఇప్పుడు ఒక మోపెడ్ మీద పెట్టె కట్టుకుని ఊరి బయటి కాలనీల్లో తిరుగుతాడు. 30 ఏళ్లు జనమే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు ఆయన జనాన్ని వెతుక్కుంటూ పోతున్నాడు.

2022 మార్చిలో ఉర్దూని రాష్ట్రమంతా రెండో అధికార భాష చేస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసింది. ఆ వార్త చదివి వినిపిస్తే చిచ్చా ఒకటే అడిగాడు. "తో క్యా, అబ్ మేరీ కితాబ్ చలేగీ?" అయితే ఇప్పుడు నా పుస్తకం చెల్లుతుందా అని. భాషకి చట్టమిచ్చారు. ఆ భాషలో బతుకు లెక్క రాసుకున్నోడికి ఏమిచ్చారు?

తెలుగులో మా మాటలు ఎన్నున్నాయో చూడండి. బజారు మా ఇంటి మాటే. దుకాణం, కిరాయి, రసీదు, బాకీ, వసూలు, జమ, ఖర్చు, దరఖాస్తు, దస్తావేజు, మంజూరు, రద్దు, జప్తు, జరిమానా. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి మా నోళ్ల మీదుగా తెలుగు కచేరీల్లోకి నడిచొచ్చిన మాటలు. వాటిని ఎవరూ ఆక్రమణ అనలేదు. కచేరీలో మా మాటలకి పట్టా ఉంది, బజారులో మాకు లేదు. కబ్జా అన్న మాటకి తెలుగులో దౌర్జన్యం అంటుకుంది. ఉర్దూలో ఖబ్జా అంటే చేతిలో ఉండటం, అనుభవంలో ఉండటం. తలుపు కీలుని కూడా మేం ఖబ్జా అనే అంటాం. తలుపు నిలబడేది దాని మీదే. కీలుని ఊడబీకి తలుపు బాగుపడిందంటే ఎవరు నమ్ముతారు?

చట్టాలు లేవా అంటారా? ఉన్నాయి. 2014 జనవరి 1న అమల్లోకొచ్చిన భూసేకరణ చట్టం నష్టపోయే కుటుంబం అంటే యజమాని ఒక్కడే అనలేదు. మూడేళ్లుగా అక్కడ పనిచేసుకుని బతికేవాళ్లనీ, కిరాయిదార్లనీ, చేతిపనివాళ్లనీ కలిపింది. అదే 2014లో వీధి వర్తకుల చట్టం వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్లిచ్చే దాకా ఎవర్నీ లేపొద్దంది. కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలంది. పట్టుకున్న సరుకుకి జాబితా రాసివ్వాలంది. పాడయ్యే సరుకైతే అడిగిన రోజే తిరిగిచ్చేయాలంది. పట్టణ వర్తక కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వర్తకులే ఉండాలంది. వాళ్లలో దళితులకీ, ఆదివాసులకీ, బీసీలకీ, ఆడవాళ్లకీ, వికలాంగులకీ, మైనారిటీలకీ చోటుండాలని పేరు పెట్టి మరీ చెప్పింది. ఎందుకు చెప్పాల్సొచ్చింది? ముస్లిం మగ కార్మికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారనీ, దేశం మొత్తానికి అది 8 శాతం లోపేననీ సచార్ కమిటీ అప్పటికే చెప్పింది కాబట్టి. రోడ్డు మీద మేం ఎక్కువ ఉన్నామంటే రోడ్డు మాకిష్టమని కాదు. గోడల లోపల మాకు చోటు తక్కువని. అయితే యజమానితో ఒప్పందం మాట్లాడుకుని రోడ్డు వెడల్పు చేసుకుంటే భూసేకరణ చట్టం దాకా పోవాల్సిన పనే ఉండదు. ఒప్పందానికి కాగితం ఉన్నోణ్ణే పిలుస్తారు. మా దగ్గరున్నది కాగితం కాదు, పని.

"బజారెందుకప్పా, కొత్త ఉద్యోగాలొచ్చాయి కదా, కియా వచ్చింది కదా" అంటారు. వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం జరిగింది. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2019లో కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేసేలా మొదలుపెట్టిన ఫ్యాక్టరీ. మా పిల్లలు కొందరు యూనిఫాం వేసుకుని కంపెనీ బస్సెక్కుతుంటే మాకూ కడుపు నిండుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాని విడదీశాక పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాకి పోయింది. జిల్లా పేరు ఏదైనా కరువు ఒకటే, కాబట్టి ఆ తగువు మాకొద్దు. మా ప్రశ్న వేరే. 2007లో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అది చదువుకీ, సర్కారు కొలువుకీ. పెరుగుతున్న ఉద్యోగాలేమో ప్రైవేటువి. అక్కడ బీసీ-ఇ లేదు, బీసీ-బి లేదు, ఎస్సీ లేదు. ఫ్యాక్టరీల్లో 75 శాతం స్థానికులకివ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. మంచిదే. కానీ స్థానికుడంటే ఎవడు? ఐటీఐ, డిప్లొమా సర్టిఫికెట్ ఉన్న స్థానికుడు. పదేళ్ల వయసులో షెడ్డులో స్పానరు పట్టి, కళ్లు మూసుకుని ఇంజన్ విప్పి బిగించే గుల్జార్‌పేట కుర్రాడికి సర్టిఫికెట్ ఎవరిచ్చారు? వాడికి పని నేర్పిన ఉస్తాద్‌కి ముద్ర లేదు. కొత్త కారు చెడిపోతే వాడి షెడ్డుకి రాదు, కంపెనీ వర్క్‌షాపుకి పోతుంది. ఒకవైపు వాడి పని తగ్గుతోంది. ఇంకోవైపు వాడున్న రోడ్డు వెడల్పవుతోంది. రెంటికీ అభివృద్ధి అనే పేరు.

మా పెద్దల్నీ ఒక మాట అంటాం. పండుగలకి షేర్వానీ వేసుకుని అధికారుల పక్కన ఫొటో దిగే పెద్దలకి బజారులో ఎన్ని దుకాణాలు పోయాయో లెక్క తెలుసా? మసీదు గోడకి గీత పడితే వందమంది పోతారు, పోవాల్సిందే. మసీదు ముందు అత్తరు అమ్ముకునే ముసలాయన బండి మీద గీత పడితే ఎవరూ పోరు. మన అస్తిత్వం మీనార్లలోనే ఉందని ఎవరు చెప్పారు? ఐదు పూటల నమాజుకి మధ్య ఉన్న పొద్దంతా మనం బజారులోనే ఉంటాం. ఆ బజారు పోతే శుక్రవారం సఫ్‌లో నిలబడటానికి మనిషి బెంగుళూరు నుంచో, గల్ఫ్ నుంచో రావాలి.

మేం కోరేది పెద్ద కోరిక కాదు. గోడ మీద గీత గీసే ముందు గోడ లోపలా, గోడ బయటా ఎంతమంది బతుకుతున్నారో లెక్క రాయండి. యజమానికిచ్చే నోటీసు ఇంకో రెండు కాపీలు తీయండి. ఒకటి కిరాయిదారుకి, ఒకటి అరుగు మీదాయనకి. ఉర్దూ రెండో అధికార భాష అన్నారు కాబట్టి ఆ భాషలో రాసుకున్న కిరాయి పుస్తకాన్ని రుజువుగా తీసుకోండి. చదవడం రాకపోతే పిలవండి, మేమొచ్చి చదివిపెడతాం. వెడల్పైన రోడ్డు మీద కట్టే కొత్త గదుల్లో పాత కిరాయిదారుకి మొదటి హక్కు పెట్టండి. వర్తక కమిటీలో వర్తకుణ్ణి కూర్చోబెట్టండి. షెడ్డుల్లోని ఉస్తాదుల్ని పిలిచి, పరీక్ష పెట్టి, వాళ్ల పనికి సర్టిఫికెట్ ఇవ్వండి.

ఇవి చేస్తే అనంతపురం పెరగడం ఆగిపోతుందా? ఆగదు. కరువు ఇంకా పోలేదు. వాన రాని ఏడు మళ్లీ వస్తుంది. మోటారు కాలిపోయిన రైతు మళ్లీ బజారుకొస్తాడు. అద్దాల షోరూము వాళ్లు కొత్తది కొనమంటారు. పాతది బాగుచేసి, బాకీ రాసుకునేటోడు అప్పుడు ఆ రైతుకి కావాలి. వాణ్ణి ఊరి బయటికి తరిమాక ఎక్కడ వెతుకుతారు?

ఖాళీ చెయ్యమంటున్నారు. ఖాళీ అన్న మాట మా దగ్గర్నుంచే వచ్చింది. హక్కు అన్న మాట కూడా మా దగ్గర్నుంచే వచ్చింది. మొదటి మాట నోటీసుల్లో బాగానే వాడుతున్నారు. రెండోది కూడా రాయండి.